కొసరు

ఎల్ ఆల్టో సంతలో ఇరవయ్యేళ్ళుగా
ఎండబెట్టిన బంగాళాదుంపలు అమ్ముతున్నాను.
తక్కెడ అక్కర్లేదు నాకు,
అరచేతిలో పెడితే ఎంతో చెప్పేస్తాను.
నిన్ను మొదటిసారి ఎత్తుకున్నప్పుడే తెలిసింది సమీ,
తూకంలో ఏదో మోసం ఉందని.

పుట్టగానే మూసుకోవాల్సిన తలుపొకటి
నీ గుండెలో తెరిచే ఉండిపోయిందట.
ఇంత ఎత్తున, గాలి ఇంత పల్చనైన చోట,
కొందరు పిల్లల్లో అలా అవుతుందట.
డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది.
నాకు అర్థమైంది ఒక్కటే:
తాగిన పాలన్నీ ఆ గుండె పరుగుకే
కట్టెలైపోతున్నాయి. ఒంటికి మిగలడం లేదు.

నాలుగు గుక్కలు, ఆగిపోతావు.
నేను రెండు శాలువాలు కప్పుకున్న ఈ చలిలో
నీ నుదుట చెమట!
మూటతో ఏటవాలు వీధి ఎక్కిన కూలీలా
రొమ్ము మీదే తల వాల్చేస్తావు.

ఆరు కిలోలైతే ఆపరేషన్ అన్నారు.
నాలుగున్నర దగ్గర మొరాయించావు.

నర్సు ఎవుసెబియా ముక్కులోంచి సన్నటి గొట్టం వేసింది.
పిండిన నా పాలలో చెంచాడు పొడి,
కొలిచి కాస్త నూనె.
"ఎక్కువ పోస్తే గుండెకు బరువు,
కొంచెంలోనే బలమంతా కూరాలి" అంది.
"బిడ్డకా, దీపానికా ఈ నూనె?" అని మా అత్త.
నేను జవాబివ్వలేదు. రాత్రి రెండైంది.
సిరంజి భుజమెత్తున పట్టుకుని
పాలు వాటంతటవి దిగేదాకా నిలబడ్డాను.
మళ్ళీ నాలుగింటికి.
మళ్ళీ ఆరింటికి.

మంగళవారం పదిహేను గ్రాములు.
బుధవారం ఏమీ లేదు.
గురువారం వాంతి, ఇరవై పోయాయి.
దుంపల పద్దు రాసే పుస్తకంలోనే
వెనక పేజీల నుంచి నిన్ను రాసుకుంటున్నాను.

సంతలో కొన్న ప్రతివాళ్ళూ చెయ్యి చాపుతారు,
"కొసరమ్మా, కొసరు!"
ఒక్కనాడూ కాదనలేదు.
పిడికెడు పైన వేసే పంపాను.
ఇవాళ ఆసుపత్రి త్రాసు ముందు
నేనే చెయ్యి చాపి నిలబడ్డాను.

ఎవుసెబియా నీ గుడ్డలన్నీ విప్పింది.
అంకె ఒకచోట నిలవలేదు,
నువ్వు కాళ్ళు తన్నుతున్నావు మరి.
పోయిన నెల ఆ ఓపికేదీ?
"ఐదు కిలోలు," అంది, వంగి చూసి, "పైన ముప్ఫై."
ఆరుకు ఇంకా దూరమే.

నేను అంకె చూడలేదు.
ఆ తన్నే కాలొకటి అరచేతిలోకి తీసుకుని
తూచుకున్నాను.