సీసం

పటమట హైస్కూల్లో పిచ్చయ్య మాస్టారు
బల్ల మీద బెత్తంతో తాళం వేస్తూ చెప్పేవారు:
ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు,
అలాంటివి నాలుగు పాదాలు.
"కింద ఎత్తుగీతి లేకపోతే
అది సీసం కాదే పిల్లా,
సగంలో ఆగిన ఊపిరి."

ఇరవై ఏళ్ళ తర్వాత ఆటోనగర్లో
పాత బ్యాటరీలు పగలగొట్టే రేకుల షెడ్డు పక్కన
ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూచున్నాను.
నా ఫారం మీద అదే మాట.
పరీక్ష: సీసం.

ముందు చెయ్యి కడుక్కోవాలి.
సబ్బుతో మూడు సార్లు,
గోళ్ళ సందుల్లో బ్రష్షుతో.
చర్మం మీది దుమ్ము సూది వెంట లోపలికి జారితే
దాన్ని కూడా రక్తం ఖాతాలో రాసేస్తుంది మిషను.
ఉన్నది చాలు.

బాజీ మోచేతుల దాకా కడిగాడు,
నమాజుకి నిలబడబోయేవాడిలా.
బకెట్లో నీళ్ళు పెన్సిల్ రంగుకి తిరిగాయి.

ఓనరు దూరం నుంచే అన్నాడు:
"దుమ్మంతా బెల్లంతో దిగిపోద్దండీ.
రోజూ నాలుగింటికి మనిషికో ముక్క ఇస్తన్నా."
బాజీ నవ్వాడు. చిగుళ్ళ అంచున
నోటుబుక్కులో మార్జిను కొట్టినట్టు
సన్నటి నీలి గీత.

"కడుపులో మెలిపెడతది మేడం.
సుత్తి ఎత్తితే మణికట్టు వాలిపోతది.
వయసేమో అనుకున్నా."
ఫారంలో వయసు రాశాను. ముప్ఫై ఒకటి.

నరం కోసం రెండు చేతులూ వెతికాను.
ముదురు నీలం మూత గొట్టంలోకి
అందరికీ వచ్చినట్టే వచ్చింది రక్తం.
ఎర్రగా, ఏమీ ఎరగనట్టు.

అప్పుడొచ్చింది గౌసియా క్యారేజీతో,
వెనకాల నాలుగేళ్ళ నౌషీన్.
ఆ నీలం మూత తనకి కావాలంది.
ఊరికే ఇస్తారా, సూది వేయించుకోవాలన్నాను, నవ్వులాటకి.
చెయ్యి చాపేసింది.
జాబితాలో దాని పేరు లేదు.
నా దగ్గర ఒక గొట్టం మిగిలింది.
వాళ్ళమ్మ వంక చూశాను.
తియ్యండి, అంది.

రాత్రి బస్సుకి ఐసు పెట్టె ఎక్కించాను.
హైదరాబాదు లాబులో
రక్తాన్ని కూడా బుల్లి కొలిమిలో పెట్టి కాలుస్తారు,
అందులో దాక్కున్న లోహం పేరు చెప్పేదాకా.
ఇక్కడ షెడ్డు వెనక
పెద్ద కొలిమి ఎప్పటిలాగే మండుతోంది.

ఆరో రోజు కాగితాలొచ్చాయి.
బాజీ, అరవై నాలుగు.
నౌషీన్, ఇరవై తొమ్మిది.
పిల్లల రక్తంలో ఎంత ఉండొచ్చు అనే గడిలో
సున్నా తప్ప ఏ అంకె వేసినా
మనం ఒప్పుకున్నట్టే.

మట్టి తింటదా? గోడ గీకుద్దా?
గౌసియా తల అడ్డంగా ఊపింది.
"సాయంత్రం వాళ్ళ నాన్న బండి చప్పుడైతే చాలు
గడప దూకి ఉరుకుద్ది.
చొక్కాలో మొహం దాచుకుంటది.
ఆ చొక్కా కొస చప్పరిస్తానే నిద్రపోద్ది మేడం,
తియ్యగా ఉంటదంట."

బాజీ కాగితం తిరగేసి చూశాడు,
వెనక ఇంకేదన్నా రాసి ఉందేమో అన్నట్టు.
చాలాసేపటికి అడిగాడు:
"ఎత్తుకున్నందుకా?"

పెద్దాసుపత్రి చీటీ రాశాను.
పాలు, ఆకుకూరలు అన్నాను.
బట్టలు ఇక్కడే మార్చుకుని, స్నానం చేసి
అప్పుడు ఇంటికెళ్ళమన్నాను,
ఈ షెడ్డులో కుళాయి లేదని తెలిసీ.
మొన్న ఆ బకెట్టు నీళ్ళు
నేనే డబ్బులిచ్చి తెప్పించాను.

ఓనరు ఫోనులో ఎవరితోనో
బెల్లం ధర మాట్లాడుతున్నాడు.

గుమ్మం దగ్గర నాలుగు పాదాలు.
రెండు బూడిద పట్టినవి,
రెండు చెప్పుల్లేనివి.
మధ్యన గజం దూరం.
బాజీ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని
రేకుగోడకి అతుక్కుపోయాడు.
నౌషీన్ చేతులు పైకెత్తి
అలాగే నిలబడి ఉంది,
ఒక పిడికిట్లో నీలం మూత.