జానెడు

లోరెట్టా సెలూన్‌లో కుర్చీలు మూడే.
తీర్పు చెప్పేవాళ్లకి లెక్కలేదు.

నాలుగు గెలిచి ఎనిమిది ఓడిన కాలేజీ మాది.
ఆఖరి ఆట అయి పదమూడు రోజులు.
కోసేసిన మొక్కజొన్న చేలల్లో మోళ్లు
గీసి మూడ్రోజులైన గడ్డంలా మంచులోంచి పొడుచుకొచ్చాయి.
ఇక్కడ మాత్రం ఇంకా నాలుగో క్వార్టరే నడుస్తోంది.

"ఆ పిల్లాణ్ణి సెప్టెంబర్‌లోనే దింపాల్సింది" అంటాడు ఆర్విల్,
మెడ చుట్టూ తెల్లగుడ్డతో, తల ఒక్కటే మిగిలిన జడ్జిలా.
పిల్లాడంటే ట్రెవాంటే. మొదటేడు. చెయ్యి ఫిరంగి,
ఎటు పేలుతుందో ఫిరంగికే తెలీదు.
"కోల్బీ నాలుగేళ్లుగా ఉన్నాడు కదా" అని లోరెట్టా.
"మా ఫ్రిజ్ పద్నాలుగేళ్లుగా ఉంది" అని డ్వేన్.

ఎటు తిరిగినా అందరూ చేరేది ఆ ఒక్క బంతి దగ్గరికే:
నాలుగో డౌన్. నలభై సెకన్లు. నాలుగు పాయింట్లు వెనక.
దూరం, జానెడు.

"జానెడు!
మార్సెల్లస్ గ్రీర్ లాంటి ఎద్దుని పక్కన పెట్టుకుని
గాల్లోకి విసరమంటాడా ఆ కోచ్?
చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు!"

ఆ రాత్రి మైకు ముందు కోచ్ అన్నాడు: ఆ నిర్ణయం నాది.
ఐదు నిమిషాలాగి కోల్బీ అన్నాడు: తప్పు నాదే.
ఒక్క తప్పుకి ఇద్దరు సొంతదార్లు.
ఎవరికీ అనుమానం రాలేదు.

నేను గొలుసు పట్టేవాణ్ణి.
పందొమ్మిది సీజన్లుగా పక్కగీత మీద
పదిగజాల గొలుసు, చివర నారింజరంగు కర్ర.
మిగతా రోజుల్లో ఉత్తరాలు పంచుతాను.
రెండు పనులకీ నియమం ఒకటే:
మోసేది నీది కాదు.
చప్పట్లు కొట్టకూడదు, తిట్టకూడదు,
మన జట్టు గెలుస్తున్నా మొహం గోడలా ఉండాలి.

ఆ సాయంత్రం కొలవడానికి
గొలుసు లాక్కుంటూ లోపలికి పరిగెత్తాం.
తడిగడ్డిలో నా మోకాలు.
బంతి ముక్కుకీ కర్రకీ మధ్య ఖాళీని
అంపైర్ రెండు చేతులతో ఎత్తి చూపించాడు.
స్టేడియం మొత్తం మూలిగింది.
ఆ మూలుగు కింద, నా తలమీదుగా, మార్సెల్లస్ గొంతు:

"కోల్బీ, నాకు బంతులు రెండు కనిపిస్తున్నాయి.
ఎవరికీ చెప్పకు."

కోల్బీ ఏమీ అనలేదు.
అవతలి గీత నుంచి సైగలొచ్చాయి.
మణికట్టు మీది కాగితం చూసుకున్నాడు, చాలాసేపు,
అందులో లేనిదేదో చదువుతున్నట్టు.
మార్సెల్లస్ హెల్మెట్ మీద ఒక్కసారి అరచెయ్యి వేశాడు.

ఆ తర్వాతది ఊరంతటికీ తెలుసు.
బంతి లేచింది, మూలకి వెళ్లింది,
ఎవరిదీ కాకుండా పడింది.

ఈ వారం కోచ్ ఇంటి డబ్బాలో
ముప్పై ఒక్క కవర్లు వేశాను.
పంపినవాడి పేరు లేనివే ఎక్కువ.
ఒకదాని మీద అంకెలు మాత్రం ఆర్విల్‌వి,
ఏటా క్రిస్మస్ కార్డుల మీద చూసే వంకర ఏడు.

మొన్న లైబ్రరీ మలుపులో మార్సెల్లస్ ఎదురయ్యాడు.
మబ్బు పట్టిన మధ్యాహ్నం, నల్ల కళ్లద్దాలు.
పేరుపెట్టి పిలిస్తే నవ్వి చెయ్యి ఊపాడు,
నేనున్న చోటుకి కాస్త పక్కకి.

సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను.
డాక్టరు ఆఫీసు నా దారిలోదే.
ఆ రోజు అక్కడికి రెండు కరెంటు బిల్లులు, ఒక పత్రిక.
ఇచ్చి వచ్చేశాను.

"నువ్వు బంతి పక్కనే ఉన్నావు కదా"
అద్దంలోంచి నన్ను చూస్తున్నాడు ఆర్విల్.
"చెప్పు, నిజంగా ఎంత దూరం?"

లోరెట్టా కత్తెర ఆగింది.
డ్వేన్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"జానెడు" అన్నాను.
చేత్తో కొలిచి చూపించబోతే
వేళ్లు పూర్తిగా చాచుకోలేదు.