వేలు పెట్టే ఉద్యోగం

క్వాంగ్ షూఫెన్‌కి జీతమిచ్చేది
వేలు పెట్టినందుకు.

తన వేలు కాదు, ఉక్కుది.
మూడు కణుపులు, రెండు కీళ్ళు, గోరు లేదు.
మూడేళ్ళు నిండని పిల్ల వేలు ఎంతుంటుందో
ఎవరో ఎక్కడో కొలిచి, గీసి,
కమిటీలో వాదులాడుకుని ఒప్పుకున్న వేలు.
పని లేనప్పుడు నీలం ముఖమల్ పెట్టెలో పడుకుంటుంది.
ఏడాదికోసారి దానికీ ఒక పరీక్ష.

డాంగ్‌గువాన్‌లో, టైర్ల గోదాము వెనక,
నాలుగో అంతస్తు.
ఒక మూల ఆవిరి గదిలో
రెండు రోజులుగా చెమటలు కక్కుతోంది ఓ ప్రింటర్.
ఇంకో మూల మూడు వేల వోల్టులని
నిమిషం పాటు కిక్కురుమనకుండా ఓర్చుకోవాలి
జిరాక్స్ మిషన్.
ఎర్రగా కాలిన తీగ ప్లాస్టిక్‌లో దిగినప్పుడు
కింద పరిచిన పల్చటి కాగితం అంటుకోకూడదు.
అంటుకుందా,
ఎక్కడో ఓ ఆఫీసు తగలబడ్డట్టే లెక్క.

ఓయాంగ్ గారు కాగితాలు నమిలే యంత్రం తెచ్చాడు.
వేలు పళ్ళదాకా పోయింది.
"అందులో ఎవడు పెడతాడమ్మా వేలు?
ఆఫీసుల్లో పసిపిల్లలుంటారా?"
ఆమె రాసింది: అందుతోంది.

జూలైలో మళ్ళీ తెచ్చాడు, మూతి కాస్త బిగించి.
అందుతోంది.
"రేవులో ఓడ కాచుకునుంది, రెండు వేల పెట్టెలు!"
కమలాపళ్ళ బుట్ట ఒకటి బల్లమీద
మరిచిపోయినట్టు మరిచిపోయి వెళ్ళాడు.
లిఫ్టు పనిచెయ్యడం లేదు.
దాన్ని కిందికి మోసిన కాపలా మనిషి
మెట్టుమెట్టుకీ ఆమెని తిట్టుకున్నాడు.

మూడోసారి వేలు ఆగింది
పళ్ళకి నాలుగు మిల్లీమీటర్లు ఇవతల.
ఆ నాలుగు మిల్లీమీటర్లకి
ఒక వేసవి ఖర్చయింది.
అప్పుడిచ్చారు గుర్తు,
చిటికెన వేలి గోరంత.
యంత్రం పొట్టకింద, ఎవ్వరూ బోర్లించి చూడని చోట.

నవంబరులో కూతురి బడికి ఫీజు కట్టడానికి వెళ్ళింది.
ఆఫీసు గదిలో, పిల్లల ఎత్తు బల్లమీద
అలాంటిదే ఒకటి గరగరమంటోంది.
పాడైన బొమ్మలు దానికి తినిపిస్తూ
ముగ్గురు పిల్లలు, ఒకటే కేరింతలు.

షూఫెన్ ప్లగ్ పీకింది.
చెత్త నేలమీద పోసి బోర్లించింది.
గుర్తు ఉంది. నంబరూ ఉంది.
ఆ నంబరు ఆమెకి కంఠతా వచ్చు.
కిందటేడు తను పాస్ చేసిన
ప్రొజెక్టర్‌ది.

ఉక్కు వేలు ముఖమల్‌లో నిద్రపోతోంది.
తన చిటికెన వేలే పెట్టి చూసింది.
దానికే దారి దొరికింది.
పళ్ళు చల్లగా తగిలాయి.

"మీకెందుకండీ ఇందులో వేలు పెట్టడం?"
అంది ప్రిన్సిపాల్, నేలమీది చెత్త చూస్తూ.

షూఫెన్ ఫీజు రసీదు వెనక రాసింది:
యంత్రం ఒకటి, తీసుకెళ్తున్నాను.
తేదీ వేసి సంతకం చేసి, టీ కప్పు కింద పెట్టింది.

బయట చినుకులు.
రెండు చేతులా బరువు, గొడుగు తెరవడానికి లేదు.
పట్టుకోడానికి అమ్మ వేలు దొరక్క
కాసేపు అటూ ఇటూ వెతికింది న్వాన్‌న్వాన్.
తర్వాత, వేలాడుతున్న వైరు చివర
ప్లగ్ పట్టుకుని
బస్టాపుదాకా నడిచింది.