చచ్చిందనుకున్న తీగ

సెయింట్ జాన్స్‌లో ఆ రోజు పొగమంచు
రేవు నుంచి కొండెక్కి వచ్చి మా కిటికీలో కూర్చుంది.
వంటింట్లో పాత దీపం తీసి కొత్తది బిగించాలి,
అంతే పని. అరగంట అనుకున్నాను.

నేలమాళిగలో, కరెంటు బోర్డు తలుపు లోపల
నాకంటే ముందున్నవాళ్ల పెన్సిలు రాతలు:
వంటిల్లు. మెట్లు. పొయ్యి.
చివరి మీట పక్కన మాత్రం: దేవుడికే తెలియాలి.

వంటిల్లు మీట కిందికి లాగాను.
పైన దీపం ఆరింది.
ఆరిందిగా, ఇంకేం అనుకునే మనిషినే,
లియాండర్ మావయ్య చూపుడువేలు చూసి ఉండకపోతే.
ఓడల్లో ముప్పయ్యేళ్లు తీగలు లాగిన వేలు,
కొస తెల్లగా, మైనం ముద్దలా, గోరు లేకుండా.
"మీటని నమ్మకు, రాతని నమ్మకు,
ఆరిన దీపాన్ని అసలే నమ్మకు పిల్లా,
దీపం వేరే కారణాలకీ ఆరుతుంది."

ముందు టెస్టర్ని బతికున్న ప్లగ్గులో పెట్టి చూడాలట,
అది అబద్ధమాడదని.
తర్వాత చచ్చిందనుకున్న తీగ మీద.
మళ్లీ బతికున్నదాని మీద,
ఈలోగా టెస్టరే చచ్చిపోలేదని.

ఫ్రిజ్ వెనక ప్లగ్గులో వెలిగింది. సరే.
స్టూలెక్కాను. నల్ల తీగ, ఏమీ లేదు. తెల్ల తీగ, ఏమీ లేదు.
మూలన, గుడ్డ చుట్టిన మూడో తీగొకటి
ముడుచుకు పడుకునుంది. వదిలేసేదాన్నే.
తాకించాను.
ఎర్రగా వెలిగింది.

కిందికెళ్లి మెయిన్ కట్టేశాను. ఫ్రిజ్ మూలుగు ఆగింది.
మళ్లీ స్టూలు. ఇంకా ఎర్రగానే.
మోకాళ్లలో నీళ్లు దిగాయి:
మా ఇంట్లో లేని కరెంటు మా ఇంట్లో ఉంది.

పక్కింటి ఆగ్నెస్ పుడిస్టర్‌కి ఎనభై ఏడు.
రెండిళ్లకీ ఒకటే గోడ.
తలుపు తీసి, టెస్టర్ చూసి, నా మొహం చూసి,
టీకి నీళ్లు పెట్టింది.
"అది ఇంకా ఉందా" అంది.

"నీ ఇంట్లో అప్పుడు రీటా, నలుగురు పిల్లలు.
మొగుడి పడవ తిరిగి రాలేదు.
ఫిబ్రవరిలో బిల్లు కట్టలేదని కంపెనీవాడు కరెంటు కోసేశాడు.
మా ఆయన ఆ రాత్రే గోడకి బెజ్జం పెట్టాడు,
ఒక్క బల్బుకి సరిపడా.
ఆవిడ అడగలేదు, మేం చెప్పలేదు.
తర్వాత బిల్లు కట్టుకుంది. తీయడం మర్చిపోయాం.
ఆయన పోయి పంతొమ్మిదేళ్లు."

ఏ మీటో ఆవిడకీ తెలియదు.
నేను స్టూలు మీద. ఆవిడ ఒక్కొక్కటే దించుతూ
గోడకి నోరానించి అరిచింది,
"ఇప్పుడూ?"
"ఉంది!"
"ఇప్పుడూ?"
మూడోదానికి వాళ్ల రేడియో ఆగింది, తీగ ఆగలేదు.
ఏడోదానికి ఎరుపు పోయింది.

పోయింది అని అరవబోయి నోరు మూసుకున్నాను.
దిగి, మెయిన్ వేసి,
ఫ్రిజ్ వెనక ప్లగ్గుని మళ్లీ అడిగాను. వెలిగింది.
టెస్టర్ బతికే ఉంది. పోయింది తీగే.

గోడవతల ఆగ్నెస్ ఇంకా అరుస్తోంది,
"ఏమ్మా, ఉన్నావా?"