మూడు వేళ్ల కొలత

మా ఇంటి చెంబు మెడలో మూడు వేళ్లే పడతాయి.
పర్లాకిమిడి కంచరి వీధిలో
ఇంకెవరు పోతపోసిన చెంబులోనైనా
నాలుగు వేళ్లు సుఖంగా దిగుతాయి.
నేను టెక్కలి పిల్లని, ఈ ఇంటికి కోడల్ని.
వచ్చిన మర్నాడే చింతపండుతో లోపల తోమలేక
"ఏటిది అత్తా, ఎవరు చేసిన చెంబిది?" అని విసుక్కున్నాను.
అత్త ఊర్వశమ్మ నవ్వలేదు.
"దాలయ్య చెయ్యి" అంది.

కంచరాన దాలయ్య, మా మామగారికి ముత్తాత.
వంటగుండిగలకి మాట్లు వేసే పనుందని
చికాకోలు దండులోకి పిలిచి
చేతికి తుపాకీ ఇచ్చారట.
ఓడెక్కించారట.
రంగంలో యుద్ధం.
ఇంతవరకూ వీధిలో అందరికీ తెలుసు.
ఆ పైన ఏమైందో ఇంట్లోవాళ్లకీ తెలీదు.

తిరిగొచ్చినప్పుడు కుడిచేతికి చిటికెన వేలు లేదు.
సముద్రం దాటాడని కులం తప్పు వేసింది.
డబ్బు కట్టలేదు.
వంద మందికి వండే గుండిగ ఒకటి పోసిచ్చాడు.
తప్పు వేసిన పెద్దలు దాంట్లో వండుకు తిన్నారు.
ఆ గుండిగ చాలాకాలం పెళ్లిళ్లకి అద్దెకి తిరిగింది.

కాగితాలు వెతికాను, లేకపోలేదు.
పింఛను చిట్టాలో దొర రాసుకున్న పేరు డల్లియా.
భూమి పట్టాలో ఒడియా గుమస్తా రాసింది దాలేయ కంసారి.
ముప్ఫై ఆరులో గీత గీసినప్పుడు
ఏటికి ఇవతల మేమూ, అవతల మా బంధువులూ మిగిలాం.
ఎవరి భాషలో వాళ్లు రాసుకున్న ఆ మనిషి
తన పేరు తాను ఎక్కడా రాయలేదు.
చెంబు అడుగున ఉలితో మూడు గాట్లు పెట్టేవాడు, అంతే.

వెండి బిళ్ల ఒకటి ఉండేదిట, ఒకవైపు రాణి తలతో.
కరువు ఏడు భార్య పారమ్మ దాన్ని కొంగున ముడేసుకుని
కోమటి కొట్టుకి వెళ్లి
రెండు కుంచాల నూకలు తెచ్చింది.
అడిగితే దాలయ్య అన్నాడట,
"తల ఉడకదు కదే, నూకలైతే ఉడుకుతాయి."
ఆయన మాటగా మాకు దక్కింది ఈ ఒక్కటే.

కాదు, ఇంకొకటి ఉంది.

ఆయన కొడుకు నీలాచలానికి పది వేళ్లూ ఉన్నాయి.
అయినా చిటికెన వేలు మడిచే మెడ కొలిచాడు.
నీలాచలం కొడుకూ మడిచాడు.
మా మామగారు మడవడం నేను చూశాను,
మైనం ముద్ద చేతిలో పెట్టుకుని,
ఎవరికో మాట ఇచ్చినవాడిలా.
నా భర్త మాత్రం స్టీలు కొట్టు పెట్టాడు.
కొలవాల్సిన పని లేకపోయింది.

ఆ ఇంకొకటి ఏమిటంటే
ఈ ఇంట్లో పసిపిల్లలు దాహమైతే "యే" అంటారు.
నీళ్లు అనరు, బువ్వ అన్నంత తేలిగ్గా "యే, యే" అంటారు.
మా పుట్టింట్లో "ఊచి" అనేవాళ్లం.
ముద్దు మాటే అనుకుని నేనూ నా పిల్లలకి నేర్పాను.
అరవయ్యో పడిలో రంగం నుంచి
కట్టుబట్టలతో దిగిన తవిటమ్మ
మా అరుగు మీద కూచుని ఓసారి అది విని
చేతిలో తమలపాకు అలాగే ఉంచేసింది.
"బర్మావోళ్లు నీళ్లని అంతారమ్మా ఆ మాట.
మీకేలాగొచ్చింది?"

ఎలా వచ్చిందో నాకేం తెలుసు.
వేలు తెగిన రోజు ఆయనే ఎవరినైనా అడిగాడా?
గుమ్మం దగ్గర ఎవరైనా ముంత వంచి పోశారా?
లేక పడిపోయినవాడెవడో
ఈయన బూట్ల దగ్గర పడుకుని అడిగితే,
అర్థం తెలీక,
తెలిసీ,
ముందుకి నడిచాడా?

అడగడానికి వచ్చిన మాట వేరు,
వినిపించి వెంట వచ్చిన మాట వేరు.
ఇల్లు రెంటినీ ఒకేలా పలుకుతుంది.

యుద్ధం నుంచి వచ్చినవాడు
బతికినంతకాలం నీళ్ల చెంబులే పోశాడు.
పళ్లాలు చెయ్యలేదు, దీపాలు చెయ్యలేదు,
గుడి గంట అడిగితే పక్క కొట్టు చూపించాడు.

నిన్న మనవరాలు నిద్రలో లేచి "యే" అంది.
కరెంటు లేదు.
చీకట్లో తడుముకుంటే చెంబు దొరికింది.
మెడ పట్టుకున్నాను.
నా చిటికెన వేలు దానంతటదే ముడుచుకుంది.