ఎడమ దవడ కింద

మెర్సిన్ రేవు వెనక సందులో నా కొట్టు.
రెండే కుర్చీలు, ఒకదానికి స్ప్రింగు పోయింది.

మంగళవారం ఒకాయన వచ్చాడు.
మఫ్లరు విప్పడానికి
టీ చల్లారేంతసేపు పట్టింది.
బాయిలరు పేలి మొహం పోయిందట,
ఇది వేరేవాళ్ళదట,
కుట్టడానికి పద్దెనిమిది గంటలట.
"పదకొండు నెలలైంది.
ఈ గడ్డం ఎటు పెరుగుతుందో
నాకింకా అంతుపట్టదు" అన్నాడు.

నురగ పూశాను. కత్తి పట్టాను.
ఎడమ దవడ కింద
చొక్కా గుండీ అంత సుడి.

నాకంటే ముందే
నా మణికట్టు మలుపు తిరిగింది.

ఇరవై రెండేళ్ళు, శుక్రవారం శుక్రవారం,
అక్కడ కత్తిని వాలుగా తిప్పేవాణ్ణి
జెవ్‌దెత్‌కి.
నిరుటి చలికాలం మోటారుసైకిలు జారింది.
గోతిలో మూడు పారల మట్టి నేనూ వేశాను.

లోపలి ఎముక వేరు.
అందుకే ఆ చర్మం అతనిలా నిలవలేదు.
పెళ్ళామే ఎదురైనా
పక్కకి తప్పుకుని దారిస్తుంది.

"ఎక్కడా తెగలేదే!"
అద్దంలో నవ్వాడు, ఒక పక్కకే.
"మీకు సుడి ఉందిలెండి" అన్నాను.

ముందు ముందు మొహాలు
అచ్చు పోస్తారట, ఎవరూ చావక్కర్లేదట.
టీవీలో డాక్టరమ్మ చెప్పింది.
మంచిదే.
వెంట్రుక ఎటు వాలాలో మాత్రం
ఏ మంగలినైనా అడుగుతారో లేదో.

డబ్బు తీయబోతే వద్దన్నాను.
ఎందుకని అడిగాడు.

మొదటిసారి వచ్చారు కదా,
అన్నాను.