ఏసీ నీళ్ళ చెట్టు

మొజంజాహీ మార్కెట్ల
జుట్టు విరబోసుకున్న ఎర్ర పండ్లు, డబ్బా రెండొందలు.
రంబుటాన్ అన్నడు. పేరు నోరు తిరగలే.
పండు తిని, గింజను తడిగుడ్డల చుట్టిన.

పదిహేనో రోజుకు మొలిచింది.
మౌలాలి గుట్ట కింద, మూడో అంతస్తు మీద
నీలం డ్రమ్ముల దాని కాపురం.

బోరు నీళ్ళకు ఆకుల అంచులు మాడినయ్.
ఉప్పు పడదట దానికి.
నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు,
అవి మా బియ్యం కడుగుడుకే చాలయి.
ఏప్రిల్‌ల ఎండకు అడ్డం చీర కట్టిన,
పాత గద్వాల్‌ది, జరీ చచ్చిపోయింది.
“పెండ్లిపిల్లను చేసినవా” అని
పక్క డాబా మీంచి నవ్వింది మెహరున్నీసా.
నవ్వి, వాళ్ళ ఏసీ పైపు కింద బకెట్ పెట్టింది.
ఉప్పు లేని నీళ్ళు.
రాత్రంతా టప్, టప్.
పొద్దున పిట్టగోడ మీంచి ఇటు ఆమె,
ఖాళీ బకెట్ అటు నేను.
ఒక్కోసారి అందుల నాలుగు నిమ్మకాయలు,
ఒక్కోసారి ఏం లేదు.

ఏడేండ్లు.
మొన్న ఫాల్గుణంల పూత.
చెప్పులు లేకుండ ఉరికి చెప్పొచ్చిన.

నర్సరీ మల్లారెడ్డి వచ్చి పువ్వు నలిపి చూసి
“మగచెట్టమ్మా, జన్మల కాయది.
కొట్టేసి అంటుమొక్క పెట్టుకో” అన్నడు.
చాయ్ కూడ తాగలే.

ఆ రాత్రి గోడవతల
టప్, టప్.

తెల్లారి ఆమెకు చెప్పిన,
ఇగ నీళ్ళు వద్దని.
బకెట్ గోడ మీద అట్లనే పట్టుకొని
“ముందు ఇది పట్టు, హాత్ దుఖ్‌రా” అన్నది.

నీళ్ళ మీద ఒక ఆకు.
మా చెట్టుదే.
ఎప్పుడు పోయిందో అటు.